పాప ఏడిస్తే వెలిగే దీపం

మైదుకూరులో ప్రొద్దుటూరు దారి పక్కన కేశవయ్యకు జాకెట్టు గుడ్డల దుకాణం ఉండేది. చీర తెచ్చి బల్ల మీద పరిస్తే చాలు, దానికి సరిపోయే గుడ్డ, లైనింగు, దారం తడుముకోకుండా తీసి ముందర పెట్టే మనిషి ఆ దుకాణంలో ఒక్కతే. ఆ ఇంటి కోడలు నాగశ్రీ.

నాగశ్రీకి వినపడదు. చిన్నప్పుడు వచ్చిన మెదడువాపు జ్వరం ప్రాణం వదిలేసి చెవులు తీసుకుపోయింది. అప్పటికే మాటలు బాగా వచ్చి ఉండడం వల్ల మాట నిలిచింది. గొంతు మాత్రం ఎత్తుపల్లాలు లేకుండా, కాస్త గట్టిగా వచ్చేది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకునేది. అత్త నాగరత్నమ్మ నోట్లో ఎప్పుడూ తాంబూలం ఉండేది కాబట్టి, కోడలితో ముఖ్యమైన మాట ఉంటే ముందు పెరట్లోకి పోయి నోరు కడుక్కుని వచ్చేది. అత్త నోరు కడుక్కుని వస్తోందంటేనే నాగశ్రీకి గుండె దడ.

2004లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. శ్రీవాసవి అని పేరు పెట్టారు. రాత్రిపూట భర్త జ్ఞానేశ్వర్ బిడ్డ కదలగానే నాగశ్రీ భుజం తట్టి లేపేవాడు. చిక్కంతా మధ్యాహ్నాలే. అతను గుడ్డల మూటలతో పల్లెల్లోని అంగళ్లకు తిరిగేవాడు. మామ భోంచేసి మిద్దె మీద గదిలో పడుకునేవాడు. అత్త వాసవమ్మ గుడిలో ఆడవాళ్ల పారాయణానికి పోయేది. దుకాణం నాగశ్రీ చూసుకోవాలి. పాప ఉయ్యాల ఇంటి వెనక గదిలో. మధ్యలో నాపరాళ్లతో కట్టిన మందపాటి గోడలు.

నాగశ్రీ తమ్ముడు వాసుదేవ్‌కు కడపలో టీవీలు బాగుచేసే అంగడి ఉంది. అతను బెంగుళూరు నుంచి సామాన్లు తెప్పించి రెండు పెట్టెలు తయారుచేశాడు. ఉయ్యాల దగ్గర పెట్టే దాంట్లో చిన్న మైకు ఉంది. పాప ఏడిస్తే ఆ పెట్టె గోడ ప్లగ్గులోంచి ఇంటి కరెంటు తీగల్లోకే ఒక సన్నటి సంకేతం పంపుతుంది. రెండో పెట్టె ఆ సంకేతాన్ని అందుకుని, తనకు తగిలించిన బల్బును టపటపా వెలిగించి ఆర్పుతుంది.

"కొత్తగా తీగ లాగే పని లేదక్కా. వంటింట్లో ఉంటే వంటింటి ప్లగ్గులో పెట్టుకో, దుకాణంలో ఉంటే దుకాణంలో పెట్టుకో. దీపం నీ ఎంబడే వస్తాది" అన్నాడు వాసుదేవ్.

మొదటి వారమే ఆ దీపం అబద్ధాలాడింది. బల్బు కొట్టుకుంటే నాగశ్రీ కత్తెర బల్ల మీద పడేసి పరుగెత్తేది. లోపల పాప హాయిగా నిద్రపోతూ ఉండేది. వెనక్కి వచ్చేసరికి గిరాకీ లేచిపోయేది. కొన్నాళ్లు అలా పరుగులు తీశాక ఆమె పరుగెత్తడం మాని, బల్బు వెలిగిన ప్రతిసారీ ఒక్క క్షణం నిలబడి చుట్టూ చూడడం మొదలుపెట్టింది. పక్కనే మారెన్న పండ్లరసాల అంగడి. ఎండాకాలం, జనం విడవకుండా వస్తున్నారు. మారెన్న మిక్సీ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఇక్కడ దీపం కొట్టుకుంటోంది.

నాగశ్రీ పోయి విషయం చెబితే మారెన్న నోరు తెరిచాడు.

"నా మిక్సీ తిరిగితే మీ ఇంట్లో పాప ఏడ్చినట్టా? ఇదేం చోద్యమమ్మా!"

వాసుదేవ్ వచ్చి చూశాడు. రెండు ఇళ్లకూ కరెంటు ఒకే స్తంభం నుంచి వస్తోంది. పాత మిక్సీ లోపలి నిప్పురవ్వల గోల తీగల మీదుగా ఇక్కడిదాకా వచ్చి, పెట్టెను ఏమారుస్తోంది. అతను మిక్సీ ప్లగ్గు దగ్గర ఆ గోలను ఆపే చిన్న ఫిల్టరు బిగించాడు. దీపం అబద్ధాలు మానింది. నాగశ్రీ దాన్ని నమ్మడం మొదలుపెట్టింది.

నమ్మిన తర్వాతే పెద్ద దెబ్బ తగిలింది.

ఒక మధ్యాహ్నం పెళ్లివాళ్లు వచ్చారు. నాగశ్రీ చీర చీరకూ గుడ్డ తీసి చూపిస్తోంది. మధ్యమధ్యలో బల్బు వైపు చూస్తూనే ఉంది. అది ఆరిపోయి, చల్లగా ఉంది. పాప బాగా నిద్రపోతోంది అనుకుంది. ఇంతలో గుడినుంచి పెరటి దారిన తిరిగొచ్చిన నాగరత్నమ్మ లోపలినుంచి పాపను భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డ ముఖం కందిపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఎక్కిళ్లు మాత్రం మిగిలాయి. పెళ్లివాళ్లు తలలు వంచుకున్నారు.

ఆ సాయంత్రం అత్త నోరు కడుక్కుని వచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది.

"నీ తప్పని నేను అనడంల్యా. ఆ పెట్టెను నమ్ముకుని బిడ్డను సాకలేం. రేపట్నుంచి నేను గుడికి పోను. బిడ్డ నా దగ్గరే ఉంటాది."

జ్ఞానేశ్వర్ కూడా తల్లి వైపే మాట్లాడాడు. "అమ్మ చెప్పేది నిజమే కదా నాగశ్రీ."

నాగశ్రీ తల అడ్డంగా ఊపింది. "మీరు గుడి మానుకుంటే ఊరంతా ఏమంటాది అత్తా? చెవిటిది బిడ్డను చూసుకోలేదు అంటారు. రేపు నా బిడ్డ కూడా అదే అనుకుంటాది. ఆ పెట్టె యాడ తప్పుతాందో కనుక్కుంటా. కనుక్కునేదాకా పాపను నా కళ్ల ముందరే పెట్టుకుంటా."

మరునాటినుంచి ఉయ్యాల దుకాణంలోకి వచ్చింది. అక్కడ దుమ్ము, ఉక్క. లారీల హారన్లకు పాప ఉలిక్కిపడి లేచేది. అది ఎన్నాళ్లో సాగేది కాదని నాగశ్రీకి తెలుసు.

పరీక్ష చేయాలంటే ఏడుపు కావాలి. దానికోసం బిడ్డను ఏడిపించలేం కదా. మామ బ్యాటరీల రేడియో అడిగి తెచ్చి, వెనక గదిలో పెట్టె ముందర పెట్టి, గట్టిగా పాడించింది. ఆమెకు ఆ రేడియో ఏం పాడుతోందో తెలియదు. పక్కన చెయ్యి ఆనించి, అదురు తెలిస్తే మోగుతోంది అనుకునేది. రేడియో పెట్టి దుకాణానికి రావడం, దీపం చూడడం, మళ్లీ లోపలికి పోవడం. రెండు రోజులు చూసి నాగరత్నమ్మకు మనసు ఆగలేదు.

"ఎన్నిసార్లు తిరుగుతావు? నేనీడ కూర్చుని రేడియో చూసుకుంటా. నువ్వు ఆడ దీపం చూసుకో పో."

పొద్దున పూట ఎన్నిసార్లు చూసినా దీపం తప్పలేదు. మధ్యాహ్నం ఒకరోజు వెలుగుతుంది, ఒకరోజు వెలగదు. దుకాణంలో వెలగనప్పుడు అదే పెట్టెను వంటింట్లో పెడితే వెలుగుతుంది. అంటే పెట్టెలు బాగానే ఉన్నాయి, దుకాణానికి వచ్చే దారిలోనే ఏదో ఉంది. వాసుదేవ్ వచ్చి దుకాణం తీగల అతుకులన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ఆ మధ్యాహ్నం దీపం చక్కగా వెలిగింది. అందరూ సంతోషపడ్డారు. తర్వాత రెండు రోజులకే మళ్లీ మొండికేసింది.

ఫోను చేసి మాట్లాడే వీలు అక్కకు లేదు కాబట్టి వాసుదేవ్ మళ్లీ బస్సెక్కి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. "అక్కా, నాకు అంతుపట్టడంల్యా. వదిలేద్దామా?"

"నువ్వు వదిలెయ్. నేను వదలను" అంది నాగశ్రీ. అతను నవ్వి, చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

ఫ్రిజ్జు తీసేసి చూశారు. టీవీ తీసేసి చూశారు. నీళ్ల మోటారు ఆపి చూశారు. ఏమీ తేలలేదు. వాసుదేవ్ కడపకు తిరిగిపోయాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం నాగశ్రీ పద్ధతి మార్చింది. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, రేడియో ఆపకుండా పాడించమని అత్తకు చెప్పి, దుకాణంలో దీపం ఎదురుగా కూర్చుంది. దీపం ఆగకుండా కొట్టుకుంటోంది. చాలాసేపు అలాగే కొట్టుకుంది. ఉన్నట్టుండి ఆరిపోయింది.

ఆమె పాపను ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. నాగరత్నమ్మ రేడియో వైపు వేలు చూపించి, "పాడుతానే ఉండాది" అంది. నాగశ్రీ గదంతా చూసింది. నడవలోకి చూసింది. ఇంతసేపూ మసకమసకగా ఉన్న ట్యూబులైటు ఇప్పుడు తెల్లగా వెలుగుతోంది. మెట్ల దగ్గర మీటరు బోర్డు. మామ మెట్లెక్కి పైకి పోతున్నాడు.

"మామా! ఇప్పుడేం చేసినారు?"

కేశవయ్య బిత్తరపోయి వెనక్కి తిరిగాడు. "ఏం చేయలేదమ్మా. మిల్లు మొదలుపెట్టినారు, ఫ్యాను తిరగడంల్యా. ఫేజు మార్చినా, అంతే."

వెనక వీధిలో శనక్కాయల నూనె మిల్లు ఉంది. అది ఆడిందంటే ఆ వైపు తీగలో కరెంటు బలం పడిపోయేది. ఆ ఇంటికి కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు వేరువేరు తీగల్లో వస్తుంది. దుకాణం ఎప్పుడూ ఒకే ఫేజు మీద ఉంటుంది. ఇంటి వెనక భాగానికీ మిద్దెకూ మాత్రం బోర్డు మీద ఒక పిడి ఉంది. దాన్ని తిప్పితే ఏ ఫేజు బాగుంటే ఆ ఫేజు మీదికి పోవచ్చు. ఫ్యాను మందగించిన ప్రతి మధ్యాహ్నం కేశవయ్య నిద్రలోంచి లేచి వచ్చి దాన్ని తిప్పి పోయేవాడు, సాయంత్రం మిల్లు ఆగాక మళ్లీ పాత ఫేజుకే తెచ్చేవాడు. అందులో ఎవరికీ వింత కనబడలేదు.

"వెనక్కి తిప్పండి మామా."

తిప్పాడు. నాగశ్రీ దుకాణంలోకి పరుగెత్తింది. దీపం కొట్టుకుంటోంది.

"మళ్లీ తిప్పండి!" అని అక్కడినుంచే అరిచింది. ఆరిపోయింది. కేశవయ్య ఆ రోజు ఉక్కలో, నిద్రమత్తులో, కోడలు చెప్పినప్పుడల్లా ఆ పిడి తిప్పుతూ నిలబడ్డాడు. నాగరత్నమ్మ రేడియో ఒళ్లో పెట్టుకుని నడవలోకి వచ్చి, "ఇంత పని నీ ఫ్యాను చేసిందా!" అని మొగుణ్ణి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మరునాడు వాసుదేవ్ వచ్చాడు. విషయం వినగానే నెత్తి కొట్టుకున్నాడు. "ఒక ఫేజులోకి పంపింది ఇంకో ఫేజు మీద ఎట్ల అందుతాదక్కా! నాకే తట్టల్య." మెయిన్ ఆపి, బోర్డులో ఫేజులకు మధ్య కెపాసిటర్లు బిగించాడు. అవి ఒక ఫేజు కరెంటును ఇంకోదాంట్లో కలవనివ్వవు, ఆ సన్నటి సంకేతాన్ని మాత్రం దాటనిస్తాయి. పిడి ఎటు తిప్పినా దీపం వెలిగింది. వంటింట్లో, పెరట్లో, మిద్దె మీద, ప్రతిచోటా పెట్టి చూశారు.

నాగరత్నమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "రేడియోకు వెలిగితే సరిపోదు. బిడ్డ ఏడిస్తే వెలగల్ల."

ఉయ్యాల మళ్లీ వెనక గదిలోకి పోయింది. మధ్యాహ్నం మిల్లు ఆడుతోంది. మామ ఫేజు మార్చి పడుకున్నాడు. నాగశ్రీ ఒక టీచరమ్మకు గంధంరంగు గుడ్డలు చూపిస్తుండగా దీపం కొట్టుకోవడం మొదలైంది. ఆమె గుడ్డలు అలాగే వదిలి లోపలికి పోయింది.

నాగరత్నమ్మ ఉయ్యాల పక్కనే పీట మీద కూర్చుని ఉంది. పాప చేతులు విసురుతూ ఏడుస్తోంది. మనవరాలి ఏడుపు వింటూ కూడా ఆమె ఎత్తుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుని, తలుపు వైపే చూస్తోంది. నాగశ్రీ వచ్చి పాపను తీసుకున్నాకే ఆ చేతులు వదులయ్యాయి.

"వచ్చినావా తల్లీ" అంది. ఆ పూట నోట్లో తాంబూలం నిండా ఉంది. అయినా ఆ మాట నాగశ్రీకి అర్థమైంది.

మరునాడు అత్త పారాయణానికి పోయింది. కరెంటు కోత వేళల్లో మాత్రం దీపాన్ని నమ్ముకోవడానికి లేదు. అప్పుడు ఉయ్యాల దుకాణంలోకి వచ్చేది. ఫ్యాను ఆగిందంటే నాగశ్రీ ముందు బిడ్డ దగ్గరికి పోయేది.

శ్రీవాసవి నడక నేర్చిన ఏడాది, వాసుదేవ్ అంగడికి యామిని, ఓబులేసు అనే దంపతులు వచ్చారు. ఇద్దరికీ వినపడదు. యామినికి నెలలు నిండుతున్నాయి. వాసుదేవ్ వాళ్లకు పెట్టెలు చేసి ఇచ్చాడు కానీ, ఆ ఇంట్లో అవి ఒకసారి పలికితే ఇంకోసారి పలకలేదు. కబురు అందగానే నాగశ్రీ శ్రీవాసవిని చంకన వేసుకుని కడప బస్సెక్కింది. వాళ్లు చేతులతో మాట్లాడుకునే భాష ఆమెకు సరిగా రాదు. యామిని వేళ్లు పట్టుకుని, ముందు మీటరు, తర్వాత ప్లగ్గులు ఒక్కొక్కటే చూపించమంది.

ఆ ఇంటికి వచ్చేది ఒకే ఫేజు. తప్పు ఇంకేదో. ఓబులేసు కొత్తగా కొన్న కంప్యూటరు సంకేతాన్ని మింగేస్తోందని తేలడానికి ఆమె కడపకు చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. వాసుదేవ్ ఆ కంప్యూటరు ప్లగ్గు దగ్గర ఒక ఫిల్టరు బిగించాడు. యామినికి కాన్పు అయ్యేలోపు దీపం తప్పకుండా వెలిగింది.