కొండ వైన్ పక్కన చేపల పులుసు

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి చలికాలంలో నన్ను విడవలూరు తీరంలోని ఒక రిసార్టుకు పానీయాల విభాగం మేనేజరుగా వేశారు. ఏ వంటకు ఏ వైన్ నప్పుతుందో తేల్చడం నా పని. చేరిన కొద్ది రోజులకే ఒక విందు బాధ్యత అప్పగించారు. ఆల్ప్స్ కొండల తెల్ల వైన్, ఆండీస్ కొండల ఎర్ర వైన్, వాటి పక్కన నెల్లూరు వంటలు. అతిథులు మెచ్చితే ఏటా జరపాలని యాజమాన్యం ఆలోచన.

వంటశాల పెద్ద పెంచలయ్య గారు. ఆయన చేపల పులుసు కోసమే నెల్లూరు నుంచి కార్లు వచ్చేవి.

విందుకు ముందు వంటశాల వాళ్లతో కలిసి అన్నీ రుచి చూడడం ఆనవాయితీ. మొదటి సీసా తెరవగానే తడిసిన అట్టపెట్టె కంపు కొట్టింది. బిరడా చెడితే వచ్చే వాసన అది. అలాంటి సీసాను పక్కన పెట్టేస్తాం. నేను ఆ మాట అనేలోపే పెంచలయ్య గారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "బ్రహ్మాండంగా ఉండాది సార్" అన్నారు.

మిగతావాళ్లు వెళ్లాక, వాసన తెలియలేదా అని ఆయన్ని నెమ్మదిగా అడిగాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు.

"జొరం వచ్చి పోయినప్పట్నించి వాసనే తెలీడం లేదు సార్. చేతి అలవాటు మీద నెట్టుకొస్తా ఉండా. ఇంట్లో గూడా చెప్పలా. వాసన తెలీని వంటోణ్ణి ఎవురు పెట్టుకుంటారు?"

చేప తాజాగా ఉందో లేదో పట్టిచ్చేది వాసనే కాబట్టి, జనరల్ మేనేజరుకు చెప్పక తప్పదన్నాను. రేపు పొద్దున తానే చెబుతానన్నారు. సరేనని, నాలుకకు ఏమేం తెలుస్తున్నాయని అడిగాను. పులుపు, ఉప్పు, చేదు, వగరు తెలుస్తున్నాయట. అయితే పని ఆపనక్కర్లేదని, వేరే సీసాలు తెరిచి ఇద్దరం రుచి చూడడం మొదలుపెట్టాం.

ఎత్తైన కొండల మీద రాత్రి చలికి ద్రాక్షలో పులుపు నిలుస్తుంది. పగటి ఎండ తీవ్రతకు తొక్క మందమై వగరు పెరుగుతుంది. తెల్ల వైన్ పులుపు చందువా చేప వేపుడు నూనెను నోట్లో నిలవనివ్వలేదు. ఎర్ర వైన్ వగరు మాంసం వేపుడు కొవ్వు తగిలి మెత్తబడింది. పులుసు మాత్రం ఏ వైన్‌తోనూ కుదరలేదు. అది నాకూ తెలుస్తోంది గానీ, ఆ మనిషితో ఆ రోజు ఆ మాట అనలేకపోయాను. ఆయనే అన్నారు.

"ఇనప గరిట నాకినట్టుండాది. నా పులుసు తీసేయండి సార్."

మర్నాడు పెంచలయ్య గారు జనరల్ మేనేజరు గదికి నన్నూ రమ్మన్నారు. సంగతంతా ఆయనే చెప్పారు. రుచి చూసేటప్పుడు జరిగింది నేను చెప్పాను. ఉద్యోగం నిలిచింది. చేపలు వాసన చూసి తీసుకునే పని మాత్రం సహాయ వంటమనిషి కమలమ్మకు మారింది. అది ఆయనకు కష్టంగానే తోచింది, అయినా ఒప్పుకున్నారు. విందు బాగా జరిగింది. పులుసు ఏదని అడిగినవారికి ఆయనే బల్ల దగ్గరికి వచ్చి, వైన్‌తో కలిస్తే అది ఇనుము రుచి వేస్తుందని చెప్పారు. కొన్ని నెలలకు వాసన కొంత తిరిగి వచ్చింది, ముందుగా కరివేపాకుది.

అప్పటి నుంచి కొత్తవారికి శిక్షణ ఇచ్చేటప్పుడు, మొదటి గుక్క ముక్కు మూసుకుని తాగమనేవాణ్ణి. పులుపు, ఉప్పు, వగరు నాలుక మీద కుదరకపోతే ఎంత సువాసనైనా ఆ జోడీని నిలబెట్టలేదు.