మెడలో నల్లబిళ్ళ

గండి ఆంజనేయస్వామికి మొక్కేటప్పుడు పేరు తెలియని ఒక అమ్మాయిని ఇప్పటికీ తలచుకుంటాను. పులివెందులలో ఎక్కిన రాయచోటి బస్సులో నా పక్కన కూర్చుంది. మెడలో తాళి పక్కనే చిన్న నల్లబిళ్ళ ఉంది.

"ఇదేందమ్మా?"

"ఫోన్ బదులక్కా. నోటితో చెబితే పని చేస్తాది. మా ఆయన ఫోన్ తీసుకొని ఇది ఏసినాడు. నేను మాట్లాడేదంతా ఆయనకు వినపడతాది, తీసినా తెలుస్తాది."

"యాడికి పోతాండావు?"

"గండికి, మొక్కుంది," అని గట్టిగా చెప్పి, నా అరచేతిలో వేలితో 'అమ్మ దగ్గరికి' అని రాసింది. మా నాయన ఇంట్లో నాకు అక్షరాలు నేర్పింది అలాగే. ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

గండి వచ్చింది. ఆమె దిగలేదు. బస్సు కదిలింది.

"గండి దాటిపోయారు, ఇంటికి చెప్పమంటారా?" అని బిళ్ళ తియ్యగా అడిగింది.

వద్దన్నా ఆ మాట వాళ్ళాయనకు వినపడుతుందని ఆమె చేత్తో నోరు మూసుకుంది.

"సరే, వద్దనలేదు కాబట్టి చెబుతున్నాను," అంది బిళ్ళ.