హద్దురాయికి కట్టిన డేరా

శామీర్‌పేట దగ్గర కొన్న ప్లాటుకు గోడ లేచేదాకా నేనక్కడ ఒక కాన్వాసు డేరా వేసి, వీలైనప్పుడల్లా వెళ్లి కూర్చునేవాణ్ని. కారణం పక్క పొలం రైతు. కొలతల రోజు అందరికీ కుర్చీలు తెప్పించి, నాకు మాత్రం సిమెంటు బస్తా చూపించాడు. అలాంటి మనిషి హద్దు జరపడని నమ్మకమేమిటి?

డేరా పని ఎవరికీ అప్పగించలేదు. తడి మీద మడిస్తే బూజు పడుతుందని బాగా ఆరబెట్టేవాణ్ని. మూడు మూలల తాళ్లు ఇనుప మేకులకు కట్టాను. నాలుగో మూలలో నేలంతా బండ, మేకు దిగలేదు. పక్కనే కొత్తగా పాతిన హద్దురాయి ఉంటే దానికే బిగించాను. రాయి మీద ఒక కన్ను ఉంచినట్టూ ఉంటుందనుకున్నాను.

రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు సుచిత్రలోని మా ఇంటి నుంచి వెళ్లి చూస్తే రాయి బెత్తెడు నా వైపుకొచ్చి ఒరిగి ఉంది. గట్టు మీద గడ్డి కోస్తున్న ఆ రైతును పిలిచి, రాయి ఎవరు జరిపారని సూటిగా అడిగాను. సర్వేయరును పిలిపిస్తానన్నాను. కుర్చీ సంగతి కూడా ఎత్తాను. ఆయన వచ్చి తాడును వేలితో నొక్కి చూశాడు.

"నూలు తాడు సారూ. తడిస్తే గుంజుకుంటది. మబ్బు పట్టంగనే వదులు జెయ్యాలె."

గట్టు మీది నుంచి ఆయన భార్య అందుకుంది. "మా ఆయన జరిపితే గిట్ల వంకర ఉంటదా సారూ? మంచిగ నిలబెట్టి పాతుతుండె."

రాయికి అవతలి పక్క, తాడు లాగగా ఏర్పడిన సందులో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. అయినా అడిగాను: ఊరుకుంటే నీ పొలమే పెరిగేది కదా, ఎందుకు చెప్పావని.

"ఇయ్యాల ఊకుంటే రేపు గోడ గీడికెళ్లి కడ్తవ్. ఎల్లుండి జాగ తక్కువొచ్చిందని మల్ల నా మీదనే పడ్తవ్."

ఇద్దరం కలిసి రాయిని నిలబెట్టాం. రోడ్డు నుంచి టేపుతో కొలిచాను. ఆయన వదులుగా పట్టుకున్నాడేమోనని కొసలు మార్చుకుని మళ్లీ కొలిచాను. రెండుసార్లూ సరిపోయింది. ఆయన గడ్డపార తెచ్చి, నా స్థలంలో గజం లోపలికి బండను పగలగొట్టి మేకు దించాడు. తాడు కూడా తనే కట్టాడు.

ఆయన గట్టు దాటేదాకా ఆగి, ఆ ముడి విప్పి, కాస్త వదులుంచి నేనే మళ్లీ కట్టుకున్నాను.