పిళ్ళప్ప కంటి వెనక బూజు

కర్ణాటకలోని చింతామణిలో ఒక ఆసుపత్రి ల్యాబుకు రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు తాళం తీసేది సుజాతమ్మ. ఇరవై ఆరేళ్ళుగా తీస్తోంది. ఈలోగా ఆసుపత్రికి ముగ్గురు యజమానులు మారారు, ఆమె కళ్ళజోడు ఐదుసార్లు మారింది, నోరు మాత్రం మారలేదు. ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఆమె అంటించిన కాగితం ఇప్పటికీ ఉంది. "ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే ఊరగాయ, సెలైన్‌లో వేస్తే పరీక్ష" అని కన్నడంలోనూ తెలుగులోనూ పెద్దక్షరాలతో రాసింది. శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్ తగిలితే, రోగి ఒంట్లోంచి కోసి తీసిన ముక్కలోని బూజు చచ్చిపోతుంది, ఇక దాన్ని పెంచి చూడడం కుదరదు. ఈ సంగతి మామూలుగా చెప్పినన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఊరగాయ అన్నాక మాత్రం ఒక్క సీసా కూడా తప్పు రాలేదు.

ఆమె పుట్టింది శిడ్లఘట్టలో. తండ్రి గంగాధరప్ప పట్టు తీసేవాడు. వేడినీళ్ళ తొట్టిలో పట్టుగూళ్ళు ఉడుకుతుంటే, వాటి పోగులు కలిపి రాట్నానికి అందించే పని ఇంటిల్లిపాదిదీ. పదేళ్ళకే సుజాతమ్మ తిరుగుతున్న పోగును చూసి అది ఎనిమిది గూళ్ళదో పది గూళ్ళదో చెప్పేది. తప్పు చెబితే తండ్రి తిట్టేవాడు కాదు, పోగు చేతికిచ్చి మళ్ళీ చూడమనేవాడు. ఉడికిన పురుగుల వాసన పడక ఆమె చదువులో పడింది. పడి పడి చేరిందెక్కడికి అంటే, అంతకన్నా గొప్ప వాసనలుండే ల్యాబుకు. ఈ మాట చెప్పి ముందుగా తనే నవ్వుతుంది.

బూజు పరీక్ష అంటే ఆమెకు ప్రాణం. రక్తపరీక్షలన్నీ ఇప్పుడు యంత్రాలే చేసి కాగితం కక్కుతాయి, మనిషికి మిగిలిందల్లా ఆ కాగితం చింపడమే. ఒంట్లోకి దిగిన బూజు అలా కాదు. ముక్క మీద పొటాష్ చుక్క వేసి, కండ కరిగేదాకా ఆగి, మైక్రోస్కోపులో కళ్ళతోనే చూడాలి. అక్కడ కనిపించేవి పోగులే. పోగు సంగతి తనకు చెప్పేవాళ్ళు ఈ తాలూకాలో లేరని ఆమె ధీమా. ధీమా కొంచెం ఎక్కువేనని ఆమెతో పనిచేసినవాళ్ళు అంటారు, కాదనలేం.

ఆ ధీమాకు పరీక్ష పెట్టినవాడు కెంచార్లహళ్ళి పిళ్ళప్ప. రెండెకరాల ద్రాక్షతోట, పన్నెండేళ్ళ చక్కెర జబ్బు ఉన్నాయి అతనికి. తోటకు మందు తప్పకుండా కొడతాడు, తన మాత్రలు మాత్రం గుర్తొస్తేనే వేసుకుంటాడు. పోయిన ఆగస్టులో ముక్కు ఒక పక్క మూసుకుపోయి, తల పగిలిపోతూ, కుడికన్ను ఉబ్బి వచ్చాడు. చక్కెరకు తోడు ఇది, గోరుచుట్టు మీద రోకటిపోటు. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టర్ ధనుంజయ లోపల నల్లబడిన ముక్క తీసి సెలైన్‌లో వేసి పంపాడు. సుజాతమ్మ చూసింది. సన్నటి పోగులు, మొదటినుంచి చివరదాకా ఒకే లావు, చెరుకుగడకు కణుపుల్లా అడ్డగోడలు, వాలుగా చీలిన కొమ్మలు. ఆస్పర్జిల్లస్ అనే బూజు అది. అదే రాసిచ్చి, ముక్కలో కొంత ప్లేటు మీద పెంచడానికి పెట్టింది. దానికి తగిన వొరికొనజోల్ అనే మందు అదేరోజు మొదలైంది.

ఆరో రోజు పొద్దున ధనుంజయ తనే ల్యాబుకు వచ్చాడు. నెమ్మదైన మనిషి, ఆ రోజు కుర్చీలో కూడా కూర్చోలేదు.

"సుజాతమ్మా, వాపు తగ్గలా, పెరిగింది. మీరు చూసింది మ్యూకరేమోనని నాకు అనుమానంగా ఉండాది."

కోవిడ్ నాళ్ళలో నల్ల ఫంగస్ అని జనాన్ని హడలగొట్టింది ఆ మ్యూకరే. వొరికొనజోల్ దాన్ని ఏమీ చెయ్యలేదు.

"ప్లేటు మీద పెరిగింది ఆస్పర్జిల్లసే కదా సార్. పొగరంగు పచ్చ, చూడండి."

"అది గాలిలో అంతటా ఉంటాదమ్మా. ప్లేటు మీద పైనుంచి పడి ఉంటే? మ్యూకరే అయితే రేపే బెంగళూరికి పంపి కన్ను తీసేయించాల. ఆలస్యమైతే మెదడుకి పాకుతాది."

ఇరవై ఆరేళ్ళలో అంత భయం ఆమె ఎరగదు. తన కన్ను తప్పు చూసి ఉంటే పిళ్ళప్ప ప్రాణం పోతుంది. సరిగ్గానే చూసి ఉంటే, ఊరికే అతని కన్ను పోతుంది. పొద్దున తీసిన కొత్త ముక్క నుంచి మూడు స్లైడులు చేసింది. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తుడిచి ఒకసారి, తీసేసి ఒకసారి చూసింది. తర్వాత లేచి, తన కుర్చీలో డాక్టర్ను కూర్చోబెట్టింది.

"మ్యూకరైతే రిబ్బన్ మాదిరి వెడల్పుగా, ముడతలు పడి ఉంటాది సార్. దీంట్లో అట్లాంటి పోగు ఒక్కటి చూపించండి, నేను ఈ పని మానుకుంటా."

ధనుంజయ చాలాసేపు చూశాడు. ఒక్కటి కూడా దొరకలేదు.

"మరి మందెందుకు పనిచెయ్యలా?"

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటోందని అతను అనుకుంటున్నాడేమోనని ఆమెకు మనసు చివుక్కుమంది. చక్కెర పరీక్షకు రక్తం తీసే వంకతో వార్డుకు వెళ్ళింది.

పిళ్ళప్ప మంచం మీద కూర్చుని, తెరుచుకున్న ఒక్క కంటితో చూస్తూ ఉప్మాకు వంకలు పెడుతున్నాడు. భార్య చౌడమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"కన్ను తీసేస్తారంట కదమ్మా," అన్నాడు సుజాతమ్మను చూసి. "తియ్యనీలే. రెండు కండ్లతో చూసి చేసుకుంటే ఈమె వచ్చింది. ఒక కన్నుతో ఏమి పోగొట్టుకుంటాను?"

"ఈ నోరు తీసే డాక్టరు ఎవరన్నా ఉండారా అమ్మా?" అంది చౌడమ్మ. అంటూనే గిన్నె పక్కన పెట్టి కళ్ళొత్తుకుంది.

సుజాతమ్మ సూది గుచ్చుతూ మాట మార్చింది. "తోట ఎట్లుండాదప్పా?"

"బూడిద రోగం పట్టుకుండాదమ్మా. ఏడేండ్లుగా ఒకటే మందు కొడతాండాను. మొదట్లో ట్యాంకికి ఒక మూత పోస్తే రోగం పరారు. ఇప్పుడు మూడు మూతలు పోసినా అది నన్ను చూసి నవ్వతాది."

సుజాతమ్మ చెయ్యి ఆగింది. "ఆ మందు పేరేమప్పా?"

ఆ పేరుకు నోరు తిరగక, పిళ్ళప్ప ఫోనులో డబ్బా బొమ్మ తీసి చూపించాడు. డబ్బా మీది పేరు చివర, వొరికొనజోల్‌కు ఉన్నట్టే, అజోల్ అని ఉంది. ఫోను పట్టుకుని, దాదాపు పరుగులాంటి నడకతో ఆమె ధనుంజయ గదికి వెళ్ళింది.

"తోటకి కొట్టేదీ మనం ఇచ్చేదీ ఒకే కులం మందులు సార్. తోట మట్టిలో దాన్ని తాగి తాగి బతకడం నేర్చుకున్న బూజు ఈయప్ప ముక్కులోకి దూరిందేమో. పోగు ఆస్పర్జిల్లసే సార్. మందుకే లొంగడం లేదు."

ధనుంజయ బెంగళూరులోని తన పెద్ద డాక్టరుకు ఫోను చేసి, అరగంట మాట్లాడాడు. ఆంఫోటెరిసిన్ అనే వేరే కులం మందు మొదలుపెట్టి, ముక్కు లోపల మరోసారి శుభ్రం చేసి, కంటికి మూడు రోజులు గడువిద్దామని తేల్చారు. సుజాతమ్మ ప్లేటుకు నాలుగు వరసల టేపు చుట్టి, ఏ మందుకు ఆ బూజు లొంగుతుందో తేల్చే బెంగళూరు ల్యాబుకు పంపింది.

ఆ మూడు రోజులూ ఆమె వార్డు వైపు వెళ్ళలేదు. ధైర్యం చాలలేదు. రెండో రోజు వాపు అలాగే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం చౌడమ్మే ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి, "రెప్ప కొంచెం లేస్తాండాదమ్మా" అని చెప్పి వెళ్ళింది. సుజాతమ్మ ఆ పూట ఎవరినీ తిట్టలేదు, ల్యాబులో అందరూ ఆమెకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. పదో రోజు బెంగళూరు నుంచి రిపోర్టు వచ్చింది. ఎంత ఎక్కువ వేసినా వొరికొనజోల్‌కు ఆ ఆస్పర్జిల్లస్ లొంగలేదని అందులో ఉంది.

"మిమ్మల్ని అనుమానించాను," అన్నాడు ధనుంజయ.

"మీరు అనుమానించకపోతే నేను ఆ తోట సంగతి అడిగేదాన్ని కాదు సార్," అంది ఆమె. కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది.

నెలన్నర తర్వాత పిళ్ళప్ప, చౌడమ్మ ఒక బుట్టెడు ద్రాక్షతో ల్యాబుకు వచ్చారు. తనను తినాలని చూసిన దాని మొహం చూడాలని పిళ్ళప్ప పట్టుబట్టాడు. సుజాతమ్మ నీలం రంగు వేసి, అంచులకు నెయిల్ పాలిష్ పూసి దాచిన స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. అతను అలవాటుకొద్దీ ఎడమకన్ను ఆనించబోయాడు.

"అది కాదప్పా. కుడిది."

పిళ్ళప్ప కుడికన్ను ఆనించాడు. "ఏమీ లేదే," అన్నాడు. సుజాతమ్మ చక్రం ఒక్క పిసరు తిప్పింది.

"ఆ... కనిపిస్తాండాది. సన్నగా, నీలంగా. ఇంత సొగసుగా ఉండాదేమమ్మా ఇది? చౌడీ, నువ్వూ రా, చూడు."

చౌడమ్మ దగ్గరికి వచ్చింది. అద్దంలోకి వంగలేదు. మొగుడి గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని, ఆ కుడికన్నునే చూస్తూ నిలబడింది.