గొట్టం కింద గంధం

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు నన్ను మదనపల్లెలో ఆర్మరర్‌గా వేశారు. ఆర్మరర్ అంటే పోలీసు ఆయుధాలు బాగుచేసే హెడ్ కానిస్టేబుల్. పుంగనూరు, కుప్పం వైపు రైతుల లైసెన్సు తుపాకులు కూడా తనిఖీకి నా బల్ల మీదికే వచ్చేవి. నేను 'పనికిరాదు' అని రాస్తే ఇక ఆ తుపాకిని విరగ్గొట్టడమే.

రామకుప్పం దగ్గరి రైతు మునివెంకటప్ప తన వేట రైఫిల్ తెచ్చాడు. ఫ్యాక్టరీలో చేసింది, వాళ్ల నాన్న కొన్నది. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి ఆయనకున్నది అదొక్కటే.

"రెండు గుండ్లు నేరుగానే పోతాండాయి సార్. మూడోది పక్కకు పోతాండాది" అన్నాడు.

ఇసుక మూటల మీద ఆనించి, యాభై మీటర్ల దూరంలో అట్ట పెట్టి కాల్చాను. ఆయన చెప్పింది నిజమే. మూడోది రెండు వేళ్ల వెడల్పు తప్పింది, అయిదోది నాలుగు వేళ్లు. గొట్టం లోపల గుండును తిప్పే చాళ్లు చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి. అయినా ముప్పై ఏళ్ల సర్వీసు నాది, నాకు తెలియనిదేముందని 'గొట్టం అరిగింది' అని పెన్సిల్‌తో రాసేశాను.

"దాన్ని ఇరగ్గొట్టొద్దు సార్, మా నాయన చేతిది" అన్నాడాయన. నాకూ కష్టంగానే అనిపించింది, కానీ రూలు రూలే.

ఫారంలో గొట్టం అడుగున కొట్టిన నంబరు రాయాలి. అందుకని రెండు మరలు విప్పి కొయ్య ఊడదీశాను. అమ్మ బాబోయ్! గొట్టం పొడవునా ఒక పక్క పసుపు, కుంకుమ, గంధం రాయిలా గట్టిపడి ఉన్నాయి.

"ఇదేందప్పా?"

"ఆయుధపూజకు ఏటేటా బొట్లు పెడతాం కద సార్, పెట్టకుంటే ఎట్ల?"

గొట్టం మీద పెట్టిన బొట్లు కారి, గొట్టానికీ కొయ్యకూ మధ్య సందులోకి దిగాయి. నిజానికి అక్కడ కాగితం దూరేంత ఖాళీ ఉండాలి. వేడెక్కిన గొట్టం కొయ్యను తాకకూడదని ఫ్యాక్టరీవాళ్లు కావాలనే వదిలిన ఖాళీ అది. గుండు గుండుకూ గొట్టం వేడెక్కేకొద్దీ ఆ గంధం దాన్ని పక్కకు నెడుతోంది.

తడిగుడ్డతో నానబెట్టి, వెదురుపుల్లతో గీకి, మళ్లీ బిగించి అయిదు గుండ్లు కాల్చాను. దగ్గరికెళ్లి చూస్తే అయిదు రంధ్రాలూ ఒక రూపాయి బిళ్ల కింద దాగేటట్టున్నాయి! తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఎన్నడూ చూడని ఆ ఫ్యాక్టరీ పనివాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

"మరి బొట్టు యాడ పెట్టేది సార్?" అనడిగాడు మునివెంకటప్ప. భుజానికి ఆనించే కొయ్య చూపించాను. రైఫిల్ చంకన పెట్టుకుని నవ్వుతూ కుప్పం బస్సెక్కాడు.

పెన్సిల్ రాత చెరిపేశాను. అరిగింది గొట్టం కాదు, నా ఓపిక. ఆ తర్వాత ఏ తుపాకినీ విప్పి చూడకుండా 'పనికిరాదు' అని రాయలేదు. అంతకుముందు అలా రాసినవి ఎన్నో ఉన్నాయి. వాటిని మళ్లీ విప్పి చూసే వీలు లేదు.