తూర్పు ముఖం ఫొటో

తొంభై ఒకటి, చలికాలం. మా ఇంట్లో ఉన్న ఫొటో ఎందుకంత నల్లగా ఉందని అడిగిన ప్రతివాడికీ చెప్పి చెప్పి అలసిపోయాను. ఒక్కసారి రాసి పెడితే సరిపోతుంది. తప్పు కెమెరాది కాదు, నాది.

అప్పుడు నేను మిర్యాలగూడలో రైసు మిల్లు హమాలీని. మిల్లు గుమస్తా రాత్రిపూట మా పదిమందికి అక్షరాలు నేర్పేవాడు. కొత్తగా బస్సు బోర్డులు చదవడం వచ్చింది. బోర్డు చదివేవాడు ఇంకొకరి మాట ఎందుకు వినాలి అన్న పొగరు కూడా దాంతోపాటే వచ్చింది.

మా అక్క ఎల్లమ్మను కోదాడకిచ్చారు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. ఆ ఏడు ఆయాసం పట్టుకుంది. దవాఖానలో గుండె బాగాలేదన్నారు. చూడడానికి వెళ్తే ఒక్కటే అడిగింది.

"ఒరే సైదులూ, మనిద్దరం కలిసి ఒక్క ఫొటో లేదురా. నేను పోతే నీ మనవళ్లకు నన్నెట్టా చూపిస్తావు?"

ఆ రోజే వాళ్ల వీధిలో పెళ్లి. ఫొటోలు తీయడానికి సూర్యాపేట నుంచి నయీం అనే ఆయన వచ్చాడు. సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే బతిమాలి కాలువ కట్ట మీదికి తెచ్చాను.

"రీల్ల ఒక్కటే మిగిలింది పెద్దాయనా. ఫ్లాష్ పెళ్లిల్నే ఖతమైంది. పొద్దు ఉండంగనే తీయాలె, జర జల్దీ," అన్నాడు.

అక్క నాలుగడుగులకొకసారి ఆగుతూ కట్ట ఎక్కింది. నేను స్టూలు వేసి, తూర్పు ముఖంగా కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను.

"ఇటు తిరుగుండ్రి. ఎండ మీ మొకాల మీద పడాలె," అన్నాడు నయీం.

"పడమటి దిక్కు తిరగం. శుభమా అని ఫొటో దిగుతున్నం."

"పొద్దు ఎనక ఉంటే మొకాలు నల్లగొస్తయి."

"మా మొకాలు ఎప్పుడో నల్లగైనయి. నువ్వు తియ్యి."

"తిరగరా. ఆయన పని ఆయనకు తెలియదా?" అంది అక్క.

"నీకు తెల్వదక్కా. వడ్లు కొలిచినా, అరక కట్టినా, పీటల మీద కూసున్నా మనది తూర్పు మొకమే."

"నేను దినాం పడమటి దిక్కే తిరిగి నమాజు చేస్త. నాకేమైంది?" అన్నాడు నయీం.

"అది నీ లెక్క. ఇది నా లెక్క."

ఆయన కెమెరా దించాడు. "సరే. రాత్రికి పెళ్లోరింట్ల పండుకుంట. తెల్లారి తీస్త. అప్పుడు తూర్పు మొకానికే ఎండ పడతది. మీ మాట మీకుంటది, నా ఫొటో నాకుంటది."

ఎంత మంచి మాట. కానీ అది ఆయన నోట్లోంచి వచ్చింది.

"తెల్లారి మిల్లుల లోడున్నది. ఇప్పుడే తియ్యి," అన్నాను.

పళ్లు ఊడిన దగ్గర్నుంచి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. నా మొండితనం చూసి ఆ కొంగు వదిలేసి నవ్వింది. చాలా ఏళ్లకు ఆమె అట్లా నవ్వడం. నయీం అప్పుడే బటన్ నొక్కాడు.

పది రోజులకు సూర్యాపేట వెళ్లాను. స్టూడియో బోర్డు నేనే చదువుకుని లోపలికి పోయాను. నయీం ఫొటో చేతిలో పెట్టాడు. సూర్యుడు బ్రహ్మాండంగా వచ్చాడు. కాలువ నీళ్లు బంగారంలా ఉన్నాయి. మధ్యలో రెండు నల్లటి కుప్పలు.

"ఇందుల మా అక్క ఏది?"

"కూసున్నామె," అన్నాడు.

కోదాడ పోయి అక్కకు చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"సూర్యుడు ఫొటో బాగా దిగాడురా. అడ్డంగా మనం లేకపోతే ఇంకా బాగుండేది," అంది. తర్వాత, "ఇంకోటి దిగుదాంలే. ఈసారి ఆయన చెప్పినట్టు నిలబడుదువు గానీ," అంది.

సరేనన్నాను. మిల్లులో పని జోరుగా ఉంది. ఇవాళ రేపు అనుకుంటూ గడిపాను.

ఉగాదికి ముందే అక్క పోయింది. రెండో ఫొటో దిగలేదు. ఆమె ముఖం నా మనవళ్లకు తెలియదు.