పోశవ్వ అనని మాట

పన్నెండేళ్లు మోసిన బరువును ఈ మధ్యే కిందికి దించాను. పూర్తిగా దించానో లేదో నాకింకా తెలియదు. మీకు చెప్తే తెలుస్తుందేమో అనిపించి రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే మంచిదయింది. చనిపోయిన ఒక మనిషి నోట్లో నేను నా మాటలు పెట్టాను. పెట్టి ఊరుకోలేదు, వాటిని గోడకెక్కించాను.

మాది నిజామాబాద్. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఊళ్లోని చిన్న మ్యూజియంలో వాలంటీరుగా చేరాను. రెండే గదులు. ఒకదాంట్లో పాత నాణేలు, తూకం రాళ్లు, బీడీలు చుట్టే చాటలు, చెరుకు నరికే కత్తులు. రెండోదాంట్లో గోడల నిండా మనుషుల మాటలు. బోధన్ చుట్టుపక్కల చెరుకు తోటల్లో కూలి చేసిన ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల బతుకును వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి దాచాలన్నది మా ఆలోచన. అందుకోసం జేబులో పట్టేంత రికార్డరు కొన్నాం. దాన్నెలా వాడాలో మిగతా వాలంటీర్లకు నేర్పింది నేనే. ఎర్ర దీపం మినుకుమినుకుమంటే మిషన్ ఆగి ఉన్నట్టు, నిలకడగా వెలిగితే రికార్డవుతున్నట్టు. ఒక్కొక్కరికీ పదిసార్లు చెప్పి ఉంటాను.

పోశవ్వను కలవడానికి బోధన్ వెళ్లిందీ నేనే. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు చెరుకు నరికింది, నడుము వంగాక బీడీలు చుట్టింది. గడప పక్కన కూర్చుని మూడు గంటలు మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆకు కత్తిరిస్తూనే ఉన్నాయి. రికార్డరు ఆమె మోకాలి పక్కన పెట్టాను. దీపం మినుకుమంటూనే ఉంది. చూశాను కూడా. చూసి, ఆమె మాటల్లో పడి పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి వింటే ఏమీ లేదు.

మర్నాడే బస్సెక్కి వెళ్లి, "అవ్వా, నాతోని తప్పయింది, మళ్లొకసారి చెప్పవా" అంటే సరిపోయేది. పెద్ద దూరమా? కాదు. మరెందుకు వెళ్లలేదు? ఎండలని చెప్పుకున్నాను. ఇంట్లో చుట్టాలున్నారని చెప్పుకున్నాను. అసలు సంగతి, అందరికీ నేర్పినదాన్ని నేనే తప్పు చేశానని నలుగురికీ తెలియడం నాకు ఇష్టం లేదు. అంతే. అంత చిన్న కారణం. వచ్చే వారం వెళ్దామనుకున్నాను. ఆ వారం దాటింది, ఇంకోటి దాటింది. ఆ తర్వాత పోశవ్వ లేదని కబురొచ్చింది.

మ్యూజియంలో కంప్యూటర్ చూసుకునే కిషన్ అన్నతో, "రికార్డు మంచిగనే అయింది, కంప్యూటర్లకు ఎక్కించేటప్పుడు పోయినట్టుంది" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. చెరిపింది తనేననుకున్నాడు. నేను అనుకోనిచ్చాను.

తర్వాత, గుర్తున్నదంతా రాసిస్తానని చెప్పి నాలుగు పేజీలు రాశాను. చాలావరకు ఆమె చెప్పిందే. ఒక్కచోట తప్ప. పోశవ్వ కూతురు గంగమణి తనకు నచ్చినవాణ్ని పెళ్లి చేసుకుని ఇందల్వాయి వెళ్లిపోయింది. ఆ తర్వాత తల్లీకూతుళ్లకు మాటల్లేవు, చివరిదాకా. కూతురి గురించి పోశవ్వ ఏమందో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కానీ అది మ్యూజియంలో పెట్టే మాటలా అనిపించలేదు నాకు. దాన్ని వదిలేసి ఇలా రాశాను: "కోపం నోట్లెనే ఉండె, కడుపుల లేకుండె. ఇందల్వాయి దిక్కు పోయే బస్సు కనవడితే, లోపట నా బిడ్డ ఉన్నదేమోనని నిలవడి సూస్తుంటి."

అందరికీ నచ్చింది. నాలుగు పేజీల్లోంచి సరిగ్గా ఆ మాటనే ఏరి, పోశవ్వ పేరుతో పెద్ద అక్షరాల్లో పలక రాయించి గోడకు బిగించారు. వద్దనలేకపోయాను. ఏమని వద్దంటాను?

తల్లి మాట గోడ మీద ఉందని ఎవరో చెబితే గంగమణి వచ్చింది. కూడబలుక్కుంటూ చదివింది. చదివి నా వైపు తిరిగింది.

"మా అవ్వ గిట్ల అన్నదా, టీచరమ్మా?"

"అన్నది" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గొంతు వినిపించమంటే, రికార్డు చెడిపోయిందని చెప్పాను. ఆ తర్వాత ఏటా, తల్లి పోయిన రోజున వచ్చేది. పలక ముందు నిలబడి చదువుకుని, నాకింత మక్కజొన్నో, పసుపో ఇచ్చి వెళ్లేది. ఆ పసుపు కూరలో వేసుకునేదాన్ని. అబద్ధం వల్ల ఒక మనిషికి ఊరట దొరుకుతుంటే అది అంత పెద్ద తప్పా అని నన్ను నేను ఓదార్చుకునేదాన్ని. ఊరట ఆమెకా, నాకా? ఆమె వచ్చే రోజు దగ్గరపడుతుంటే నాకు అన్నం సయించేది కాదు. ఆమె కోసమే చేశానని నమ్మించుకోవడానికి ఎంత ప్రయత్నించినా, గంగమణి అనే మనిషి ముఖమైనా చూడకముందే ఆ మాట రాశానన్నది మాత్రం మారేది కాదు.

ఈ ఏడాది వచ్చినప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. "టీచరమ్మా, ఖరాబైన మిషన్లకెల్లి సుత గొంతు తీస్తరట. మా కోడలు చెప్పింది. గా మిషన్ ఒక్కసారి ఇయ్యరాదు? మా అవ్వ గొంతు ఇనాలె."

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. రికార్డరు పోయిందని చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. ధైర్యం కాదది. అలిసిపోయాను.

"గొంతు లేదు గంగమణీ. నేను బటన్ సరిగ్గ నొక్కలే. గోడ మీద ఉన్న మాట మీ అవ్వ అనలే. నేను రాసిన."

ఆమె పలక మీది మాటను ఇంకోసారి చదివింది. తర్వాత అడిగింది: "మరి ఏమన్నది? నా గురించి ఏమనలేదా?"

"అన్నది." పోశవ్వ అన్నది అన్నట్టే చెప్పాను. "దాని ముచ్చట తియ్యకు. పోతే పోయింది, నా చీర కట్టుకొని పోయింది. నాకున్నది గదొక్కటే మంచి చీర. గిట్ల అన్నది."

గంగమణి నా వైపు చూసింది. ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ల నిండా నీళ్లు. "పచ్చ చీర! ఎర్రంచుది! నిజమే, కట్టుకపోయిన. గది మా అవ్వ మాటే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గోడ మీద ఉన్నామె ఎవరో నాకు ఇన్నేండ్లు సమజ్ కాలే టీచరమ్మా. మా అవ్వ గంత మెత్తగ ఎన్నడు మాట్లాడలే. సచ్చేముందు మారిందేమో, నేనే పోకపోతినని ఏడ్చేదాన్ని."

ఊరట ఇస్తున్నాననుకున్నాను. నేనిచ్చింది ఆ ఏడుపన్నమాట.

"గా పలక తీసెయ్" అంది. "నేను ఉండంగనే తియ్యి."

స్క్రూలు విప్పి తీశాను. ఆమె చివరిదాకా నిలబడి చూసింది. వెళ్లబోతూ, "మాఫ్ చేసిన అని నా నోట్లకెల్లి అస్తలేదు. అడగకు" అంది. నేను అడగలేదు. మళ్లీ వస్తుందో రాదో తెలియదు.

ఆ సాయంత్రమే కిషన్ అన్నకూ చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "గీ మాట అప్పుడే చెప్తే నీదేం పోతుండె?" అని మాత్రం అన్నాడు. మ్యూజియం రిజిస్టర్‌లో ఆ నాలుగు పేజీల ఎదురుగా ఏది ఆమెది, ఏది నాది అన్నది రాసి సంతకం పెట్టాను. ఇక రావద్దంటారేమో అనుకున్నాను. ఇంతవరకు ఎవరూ అనలేదు. అన్నా కాదనను.

మొన్న బడిపిల్లలు వచ్చారు. గోడ మీద ఖాళీ చోటు చూసి ఇక్కడేముండేదని అడిగారు. అంతా చెప్పాను, దీపం మినుకుమనడం దగ్గర్నుంచి చీర దాకా. రెండు జడల పిల్ల ఒకతి ముందుకొచ్చి అడిగింది: "అంటే మీరు అబద్ధం చెప్పిండ్రా, టీచర్?"

"అవును బిడ్డా, చెప్పిన" అన్నాను.

ఆ పిల్ల తలూపి, చెరుకు కత్తులు చూడ్డానికి పక్క గదిలోకి వెళ్లింది.